మెడికల్ నెగ్లిజెన్స్ కేసులో నా తరఫున వాదించిన లాయర్ గారి పని ఎలా ఉందంటే

తెనాలిలో మాది ఇరవై పడకల నర్సింగ్ హోమ్. నేను ప్రసూతి డాక్టర్ని, ఇరవై ఆరేళ్లుగా కాన్పులు చేస్తున్నాను. నా మీద గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 40 లక్షలకు కేసు పడింది. 2023 జులైలో సమన్లు అందాయి, 2025 ఫిబ్రవరిలో ఆర్డర్ వచ్చింది. ఆ పంతొమ్మిది నెలలు నా కేసు చూసిన లాయర్ గారి గురించి, ఆయన పని చేసే తీరు గురించి రాస్తున్నాను. మన డాక్టర్లకు ఇలాంటి నోటీసు వస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఎలాంటి మనిషిని వెతుక్కోవాలో తెలియదు. నాకూ తెలియలేదు.

ఆయన పేరు రాయడం లేదు. రాస్తానంటే వద్దన్నారు. వకీళ్లు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన ఉంది, నేను మెచ్చుకుని రాసినా అది ప్రచారం కిందకే వస్తుందేమోనని ఆయన జాగ్రత్త. ఆఫీసు గుంటూరు బ్రాడీపేటలో. అరవై దాటిన మనిషి. ఎక్కువగా ఆసుపత్రుల తరఫు కేసులే చూస్తారు.

ముందు కేసేమిటో చెప్పాలి, లేకపోతే ఆయన చేసిన పని అర్థం కాదు.

2021 ఆగస్టులో ఒక రాత్రి. ఇరవై నాలుగేళ్ల అమ్మాయి, తొలి కాన్పు. 1.40కి పాప పుట్టింది, 3.6 కిలోలు. మాయ పడ్డాక గర్భసంచి గట్టిపడలేదు, మెత్తగా ఉండిపోయింది. రక్తం ఆగలేదు. ఆక్సిటోసిన్ డ్రిప్, మెథర్జిన్, కార్బోప్రోస్ట్, ట్రానెక్సామిక్ యాసిడ్, ఇలా రక్తం ఆపే మందులన్నీ ఇచ్చాం. లోపల బెలూన్ పెట్టాం. చేత్తో నొక్కి పట్టుకునే ఉన్నాను. మత్తు డాక్టర్ గారు పావుగంటలో వచ్చారు. పొట్ట తెరిచి గర్భసంచి చుట్టూ కుట్లు వేసి చూశాం. అవీ నిలబడలేదు. నాకంటే సీనియర్ డాక్టర్ గారిని పిలిపించి, ఆవిడ కూడా చూసి సరేనన్నాక గర్భసంచి తీసేశాం. నాలుగు సీసాల రక్తం ఎక్కించాం, అందులో రెండు గుంటూరు నుంచి తెప్పించినవి. తొమ్మిదో రోజు తల్లీ బిడ్డా ఇంటికి వెళ్లారు.

ఎనిమిది నెలలకు, 2022 ఏప్రిల్‌లో లాయర్ నోటీసు వచ్చింది. ఇంజెక్షన్లు ఆలస్యంగా ఇచ్చామని, అనవసరంగా, అనుమతి లేకుండా గర్భసంచి తీసేశామని. సరిగ్గా ఆ ముందు నెలలోనే రాజస్థాన్‌లోని దౌసా జిల్లాలో ఇలాగే కాన్పు తర్వాత రక్తస్రావంతో ఒక తల్లి చనిపోయింది. పోలీసు కేసు పెట్టేసరికి, కాన్పు చేసిన డాక్టర్ తట్టుకోలేక ప్రాణం తీసుకుంది. ఆ వార్త చదివిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. ఆ నోటీసు చేతిలో పడగానే చదివి, మడిచి, సొరుగులో పెట్టేశాను. మా వారికి కూడా చెప్పలేదు. జవాబు ఇవ్వలేదు. అది నేను చేసిన మొదటి తప్పు. సమన్లు వచ్చాక, మా పొలం గొడవలు చూసే లాయర్ గారికి కాగితాలు ఇచ్చి పన్నెండు రోజులు పోగొట్టుకోవడం రెండో తప్పు. ఆయన మంచివారే గానీ ‘వాయిదా అడుగుదాం, కంగారేం లేదు’ అంటూ కూర్చున్నారు.

పదమూడో రోజు సాయంత్రం బ్రాడీపేట వెళ్లాను. ఈయన నా కథ వినలేదు. ‘సమన్లు ఏ తేదీన అందాయమ్మా?’ అని అడిగి, క్యాలెండర్ తీసి రెండు తేదీల చుట్టూ సున్నాలు చుట్టారు. కౌంటర్, అంటే ఫిర్యాదుకు మన రాతపూర్వక జవాబు, వేయడానికి చట్టంలో 30 రోజులు, కమిషన్ దయతలిస్తే ఇంకో 15. ఆ 45 దాటితే పొడిగించే అధికారం కమిషన్‌కే లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. గడువు దాటిపోతే మన కౌంటర్ తీసుకోరు, అవతలివాళ్లు చెప్పిందే రికార్డు మీద మిగులుతుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మామూలు సివిల్ కేసుల అలవాటుతో వాయిదాలు అడుగుతూ కూర్చుంటే నా పని అక్కడితో అయిపోయేది.

ఆ రాత్రే ఇంకో పని చేయించారు. డాక్టర్ల మీద ఇలాంటి కేసులు పడితే ఆదుకునే ఇన్సూరెన్స్, నా ఇండెమ్నిటీ పాలసీ కాపీ తెప్పించుకుని చదివి, ఇన్సూరెన్స్ కంపెనీకి ఉత్తరం రాయించి మర్నాడు పొద్దున్నే రిజిస్టర్డ్ పోస్టులో పంపమన్నారు. ఈ పాలసీల్లో సంఘటన ఎప్పుడు జరిగిందన్న దానికంటే, క్లెయిమ్ ఎప్పుడు వచ్చింది, కంపెనీకి ఎప్పుడు తెలియజేశారు అన్నదే ముఖ్యమట. లాయర్ నోటీసు వచ్చినప్పుడే తెలియజేయాల్సింది. ఆ ఆలస్యం వల్ల కంపెనీ చాలా ప్రశ్నలు వేసింది, చివరికి ఖర్చుల్లో కొంతే ఇచ్చింది. ఆ నష్టం నా వల్లే.

రెండో సారి వెళ్లినప్పుడు ఒరిజినల్ కేస్ షీట్ తీసుకెళ్లాను. ఇక్కడే నాకు ఈయన మీద నమ్మకం కుదిరింది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

కేస్ షీట్‌లో ఒక ఇబ్బంది ఉంది. సిస్టర్ రాసిన చార్టులో కార్బోప్రోస్ట్ మొదటి డోసు 1.54కి అని ఉంది. తెల్లారుజామున ఐదింటికి థియేటర్ నుంచి బయటికొచ్చి నేను రాసిన నోట్సులో 2.25 అని ఉంది. నేను రాసిందే తప్పు. అప్పటికి చేతులు వణుకుతున్నాయి, ఏ టైము ఏమిటో నాకే తెలియదు. కానీ అవతలి లాయర్ కేసంతా ఆ అరగంట మీదే కట్టాడు. నేను ఆ కాగితం ఈయన ముందు పెట్టి, ‘సార్, సిస్టర్ రాసిందే నిజం. నాది దిద్ది పక్కన సంతకం పెట్టేదా?’ అన్నాను. నిజంగా అమాయకంగానే అడిగాను, నిజం రాస్తే తప్పేముంది అనుకున్నాను.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ‘అమ్మా, ఒక్క అక్షరం ముట్టుకోవద్దు. ముట్టుకుంటే ఈ కేసు నేను చూడను’ అన్నారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. ఆ కాగితం జిరాక్సు 2021 సెప్టెంబరు నుంచే వాళ్ల దగ్గర ఉంది. నేను ఇప్పుడు దిద్దితే రెండు కాగితాలూ పక్కపక్కన పెడతారు. అప్పుడు టైము తప్పు రాసిన డాక్టర్ని కాదు, రికార్డు మార్చిన డాక్టర్నవుతాను. సిస్టర్ చార్టు కూడా ఎవరూ నమ్మరు. ‘తప్పు రాశాను అని అఫిడవిట్‌లో ఒప్పుకుందాం. ఎందుకు తప్పు పడిందో రాద్దాం. 1.54 అన్నదానికి ఇంకెక్కడైనా సాక్ష్యం ఉందేమో వెతుకుదాం’ అన్నారు.

వెతికింది కూడా ఆయనే. ఒక ఆదివారం తన జూనియర్‌ని వెంటబెట్టుకుని తెనాలి వచ్చి, మా లేబర్ రూములో నిలబడి, ఏ మందు ఎక్కడుంటుంది, ఎవరు తెస్తారు, మెట్లు ఎన్ని, రాత్రి మెడికల్ షాపులో ఎవరుంటారు అని అడుగుతూ పోయారు. కార్బోప్రోస్ట్ చల్లగా ఉంచాలి, ఫ్రిజ్‌లో ఉండాలి. లేబర్ రూము చిన్న ఫ్రిజ్‌లో ఒక్క ఆంప్యూల్ ఉంచుతాం, మిగతావి కింద మా మెడికల్ షాపు ఫ్రిజ్‌లో. ‘అయితే ఆ రాత్రి ఒకటి వాడాక మిగతావి కింద నుంచి తెప్పించి ఉండాలిగా?’ అన్నారు. షాపు కుర్రాడు కంప్యూటర్‌లో వెతికితే దొరికింది. మూడు ఆంప్యూల్స్ బిల్లు, టైము 1.58.

మొదటిది ఇచ్చాకే మిగతా మూడూ తెప్పించాం. 1.54 నిజమని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి? నాకు ఏడుపొచ్చేసింది. ఆయన మాత్రం ఆ కాగితం చేత్తో పట్టుకుని కాసేపు మాట్లాడలేదు. ‘ఇది మనకు సాయం చేస్తుంది, మనల్నే పొడుస్తుంది కూడా. లేబర్ రూములో ఒక్కటే ఎందుకు పెట్టుకున్నారు అని అడుగుతారు. దానికి జవాబుందా?’ అన్నారు. డోసుకీ డోసుకీ మధ్య 15 నిమిషాలు ఉండాలి, రెండోది 2.10కి ఇచ్చాం, కింద నుంచి రావడానికి ఐదు నిమిషాలు పట్టదు అని చెప్పాను. ‘ఈ మాటే రాయండి’ అన్నారు. ఇప్పుడు మా లేబర్ రూములో నాలుగు ఆంప్యూల్స్ ఉంటాయి.

బిల్లు తర్వాత తయారు చేశారని అంటారేమోనని, ఆ రాత్రి దానికి ముందు బిల్లు, తర్వాత బిల్లు కూడా వరుస నంబర్లతో తీయించారు. వేరే పేషెంట్ల పేర్లు కొట్టేయించారు. కంప్యూటర్ నుంచి తీసిన కాగితం కాబట్టి అప్పటి సాక్ష్య చట్టం 65-బి కింద సర్టిఫికెట్ జతచేశారు. కమిషన్‌లో అంత పట్టింపు ఉండదటగానీ ఎవరూ వేలు పెట్టకుండా చేశారు. కమిషన్ రికార్డులో అది మా తరఫు సాక్ష్యం నంబరు ఎక్స్.బి-7 అయింది. చివరి ఆర్డర్‌లో కమిషన్ ఆ బి-7 గురించే ఒక పేరా రాసింది.

కౌంటర్ సంగతి. నేను ఆవేశంగా పద్నాలుగు పేజీలు రాసుకుని వెళ్లాను. వాళ్లు ఆసుపత్రికి ఆలస్యంగా వచ్చారని, బిల్లు ఎగ్గొట్టడానికే ఈ కేసని, డబ్బాశ అని. ఆయన ఎర్ర పెన్సిల్‌తో కొట్టేస్తూ పోయారు. ఆలస్యంగా వచ్చారా? రికార్డులో లేదు, కొట్టేశారు. బిల్లు ఎగ్గొట్టారా? 68 వేలు పూర్తిగా కట్టారు, రసీదు వాళ్లే వేశారు, కొట్టేశారు. చివరికి నాలుగు పేజీలు మిగిలాయి. అప్పుడొక మాట అన్నారు: ‘ఇరవై నాలుగేళ్ల పిల్లకు గర్భసంచి పోయింది డాక్టర్ గారూ. మీ కాగితంలో ఆ సంగతి ఎక్కడా లేదు. అది మొదటి పేరాలో ఉండాలి.’

మొదటి పేరాలో పెట్టాం. ఆమెకు జరిగిన నష్టాన్ని మేము కాదనడం లేదు, ఆ రాత్రి ప్రాణం నిలబెట్టడానికి వేరే దారి మిగల్లేదు అని. నేను డిఫెన్స్ లాయర్ అంటే అవతలివాళ్లను అబద్ధాలకోరులని నిరూపించే మనిషి అనుకునేదాన్ని. ఈయన పంతొమ్మిది నెలల్లో ఒక్కసారి కూడా ఆ అమ్మాయిని గానీ, ఆమె భర్తను గానీ తక్కువ చేసి మాట్లాడలేదు, నన్నూ మాట్లాడనివ్వలేదు. కమిషన్ వరండాలో ఎదురుపడితే నమస్కారం పెట్టేవారు.

అనుమతి విషయంలో అవతలి లాయర్ 2008 నాటి సమీరా కోహ్లీ కేసు పట్టుకొచ్చాడు. అది మా డాక్టర్లందరూ తెలుసుకోవాల్సిన తీర్పు. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన పేషెంటుకు, ఆమె మత్తులో ఉండగానే తల్లి ఒప్పుకుందని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. అది చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. వింటుంటే నా గుండె జారిపోయింది, నా కేసు లాగే ఉందే అని. ఈయన అదే తీర్పు తీసి, అందులోనే ఉన్న మినహాయింపు చదివి వినిపించారు. ప్రాణం పోయే పరిస్థితిలో, ఆలస్యం చేయడానికి వీల్లేనప్పుడు చేసిన ఆపరేషన్ వేరు. అక్కడ అత్యవసరం లేదు, ఇక్కడ ఉంది. మేము అడ్మిషన్‌లో తీసుకునే అచ్చు ఫారం మాత్రం పనికిరాదని ముందే చెప్పేశారు. ‘అవసరమైన ఏ ఆపరేషన్‌కైనా ఒప్పుకుంటున్నాను’ అని ఉండే ఆ ఫారం మీద ఆయన ఒక్క నిమిషం కూడా ఖర్చు పెట్టలేదు. 2.55కి ఆ అమ్మాయి భర్త తన చేతిరాతతో తెలుగులో రాసిచ్చిన నాలుగు వరుసలు ఉన్నాయి, వాటినే ముందుకు తెచ్చారు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారని ఫిర్యాదులో రాశారు. సంతకమే కాదు, మొత్తం రాతే ఆ భర్తది కాబట్టి ఆ మాట నిలబడలేదు.

నిపుణుల అభిప్రాయం మనమే అడగాలని ఆయన పట్టుబట్టడంతో నాకు భయమేసింది. ప్రభుత్వ డాక్టర్ల కమిటీ ఏం రాస్తుందో ఎవరికి తెలుసు? ‘మనం అడగకపోతే వాళ్లు కిషన్‌రావు కేసు చూపిస్తారు’ అన్నారు. హైదరాబాద్‌లో మలేరియాను టైఫాయిడ్ అనుకుని వైద్యం చేసిన కేసు అది. ప్రతి కేసులోనూ నిపుణుల సాక్ష్యం అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది అందులోనే. ‘మీ కేసులో నిపుణులు చూడటమే మీకు మంచిది. దాచుకునేవాళ్లు అడగరు’ అన్నారు. కమిటీ రిపోర్టు రావడానికి ఏడు నెలలు పట్టింది. ఇచ్చిన వైద్యం పద్ధతి ప్రకారమే ఉందని రాశారు. రాత్రి తొమ్మిది తర్వాత పార్టోగ్రాఫ్ (నొప్పులు, కాన్పు ఎలా సాగుతున్నాయో రాసే చార్టు) ఖాళీగా ఉందని కూడా రాశారు. అదీ నిజమే.

ఒక రోజు సాయంత్రం తలుపు వేసి, ఆయన అవతలి లాయర్‌లా కూర్చుని నన్ను ప్రశ్నలు అడిగారు. కమిషన్‌లో ఎక్కువగా అఫిడవిట్ల మీదే నడుస్తుంది, ప్రశ్నలు కూడా రాతలోనే పంపుతారు. అయినా అడిగారు. ‘1.40 నుంచి 3.10 దాకా గంటన్నర. అందులో ఎంతసేపు మీరు పేషెంట్ పక్కన లేరు?’ నేను ఒక్క నిమిషం కూడా వదల్లేదు. కానీ నోటి నుంచి మాట రాలేదు. మంచినీళ్లు ఇచ్చి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ అదే ప్రశ్న అడిగారు. మూడో సారికి చెప్పగలిగాను. ఆ రాత్రి గురించి పూర్తిగా, మొదటి నుంచి చివరి దాకా నేను మాట్లాడింది అదే మొదటిసారి. మా వారితో కూడా అంతవరకు అలా మాట్లాడలేదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఆఫీసు రెండో అంతస్తులో, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్న మత్తు డాక్టర్ గారిని అఫిడవిట్ సంతకానికి ఎక్కించడం కష్టమైంది. వాయిదా మారితే జూనియర్లు ముందు రోజు రాత్రి గానీ చెప్పరు. రెండుసార్లు ఓపీ రద్దు చేసుకుని వెళ్లి ఊరికే తిరిగొచ్చాను, అందులో ఒకసారి మాకు సిజేరియన్ ఉంది, వేరే డాక్టర్ని బతిమాలుకోవాల్సి వచ్చింది. ఇది వాళ్లు తప్పకుండా సరిచేసుకోవాలి. లాయర్ గారు ఫోను పగలు ఎత్తరు, వాట్సాప్ రాత్రి తొమ్మిది దాటాకే చూస్తారు. టెన్షన్‌లో ఉన్న మనిషికి ఆ పన్నెండు గంటలు చాలా ఎక్కువ. ఫీజు మూడు విడతల్లో 90 వేలు తీసుకున్నారు, ప్రతిదానికీ రసీదు ఇచ్చారు. జిరాక్సులు, నోటరీ, టైపింగ్ వేరు. అవి మొత్తం 11 వేల దాకా అయ్యాయి. ఆ సంగతి మొదటే చెప్పి ఉంటే బాగుండేది.

ఆర్డర్ ఎలా వచ్చిందంటే, వైద్యంలో నిర్లక్ష్యం లేదని కమిషన్ తేల్చింది. గర్భసంచి తీయడం ప్రాణం కోసమేనని రాసింది. కానీ రికార్డులు ఆలస్యంగా ఇచ్చినందుకు సేవాలోపం కింద 40 వేలు, ఖర్చుల కింద 10 వేలు కట్టమంది. పేషెంట్ తరఫున అడిగాక 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ నిబంధన. మేము పంతొమ్మిది రోజులకు ఇచ్చాం. రికార్డులు చూసే అబ్బాయి సెలవులో ఉన్నాడన్నది కారణం, కానీ అది వాళ్లకెందుకు? పాప చంటిదిగా ఉండగా ఆ నాన్న నాలుగుసార్లు మా ఆసుపత్రి కౌంటర్ చుట్టూ తిరిగాడు. ‘ఈ ముక్కలో మనం ఓడతాం, ఓడాలి కూడా’ అని లాయర్ గారు కౌంటర్ రాసే రోజునే చెప్పారు. అప్పీలు చేద్దామా అని మా వారు అడిగితే వద్దన్నారు. పదిహేను రోజుల్లో 50 వేలు కట్టేశాం. అప్పీలు గడువు 45 రోజులు, అవతలివాళ్లూ వెళ్లలేదు.

ఐదుకి ఎన్ని మార్కులంటే నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు వాయిదాల కబురు సరిగ్గా అందించనందుకు.

తెనాలి, గుంటూరు డాక్టర్లను ఎవరిని అడిగినా ఆయన ఆఫీసు చూపిస్తారు. సాయంత్రం ఆరు తర్వాత వెళ్లండి. సమన్లు వచ్చిన కవరు పారేయకండి, దాని మీద పోస్టు ముద్ర తేదీ ఆయన ముందుగా చూస్తారు. ఇన్సూరెన్స్ పాలసీ పట్టుకెళ్లండి. కేస్ షీట్ ఒరిజినల్ తీసుకెళ్లండి, ఎలా ఉన్నది అలాగే.